కణితిలో నీటి నడక

"రొమ్ములో గడ్డ ఉందని ఎంఆర్ఐ చూపిస్తే సరే మేడమ్. అది ఎలాంటి గడ్డో కొయ్యకుండానే ఎలా చెప్తుంది?" చీరాలలో నా ఇంటర్ క్లాసులో ఓ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. జవాబులో సగానికి పైగా నీళ్ళ దగ్గరే ఉంది.

మన ఒంట్లో నీటి అణువు ఒక్క క్షణం కుదురుగా ఉండదు. అడ్డు లేకపోతే సెకనులో 20వ వంతు కాలంలో సుమారు 17 మైక్రాన్లు జరుగుతుంది. మన కణం వెడల్పూ ఇంచుమించు అంతే. అంటే ఆ లోపే అది ఏదో ఒక కణం గోడకు తగులుతుంది. క్యాన్సర్ గడ్డలో కణాలు కిక్కిరిసి పెరుగుతాయి, మధ్య సందులు ఇరుకైపోతాయి. నీళ్ళకు దారి ఉండదు. ఆ నడక కొలిస్తే గడ్డ ఎంత ఒత్తుగా ఉందో తెలిసిపోతుంది.

మైక్రాన్ల నడకను ఒంటి బయటినుంచి కొలవడం ఎలా? ఆ కిటుకు 1965లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టెయ్‌స్కల్, టానర్ పట్టుకున్నారు. నాకు ఎంఆర్ఐ మొత్తంలో ఇంతకన్నా అందమైన ఆలోచన కనిపించలేదు.

నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో బొంగరంలా తూగుతూ రేడియో సంకేతం ఇస్తాయి. క్షేత్రం బలంగా ఉంటే జోరుగా, బలహీనమైతే మెల్లగా. వాళ్ళు క్షేత్రాన్ని క్షణకాలం ఓ వైపు పెంచి మరోవైపు తగ్గించారు. దాంతో ప్రతి కేంద్రకం తానున్న చోటును బట్టి తన తూగులో కాస్త ముందుకో వెనక్కో పడుతుంది. కాసేపాగి ఇచ్చిన రెండో విడత ఆ తేడాను పూర్తిగా చెరిపేస్తుంది, కేంద్రకం ఉన్నచోటే ఉంటే. జరిగితే లెక్క కుదరదు, సంకేతం తగ్గుతుంది.

తేలియా రుమాళ్ళకు పేరుపడ్డ చీరాలలో ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నేతకు ముందే నూలు మీద ఫలానా చోట ఫలానా రంగు వేస్తారు. మగ్గం మీద పోగు తన చోటే ఉంటే పువ్వు అంచు తీరుగా వస్తుంది, జరిగితే చెదురుతుంది. చెదిరిన మేర చూస్తే పోగు ఎంత జరిగిందో చెప్పెయ్యొచ్చు.

మనుషుల మీద ఈ పద్ధతితో తొలి బొమ్మలు 1985లో ఫ్రాన్సులో డెనిస్ ల బియాఁ తీశాడు. ముందు కాలేయం మీద ప్రయత్నిస్తే ఊపిరి కదలికలకు బొమ్మ పాడైంది. తర్వాత మెదడు మీద కుదిరింది. రొమ్ము స్కానింగ్‌లో మనిషిని బోర్లా పడుకోబెట్టి, సంకేతం పట్టే కాయిల్ గుంటల్లోకి రొమ్ములు వేలాడేలా సర్దుతారు. ఆకారం తీరుగా నిలుస్తుంది, ఊపిరి కదలికా తగ్గుతుంది.

ఇప్పుడు రిపోర్టులో ఏడీసీ అని కనిపించే అంకె ఈ నడకే. క్యాన్సర్ గడ్డల్లో అది సాధారణంగా తక్కువ. ఇంకో ఆధారం కూడా ఉంది: గెడోలినియం రంగుమందు ఎక్కించినప్పుడు అది గడ్డలోకి గబగబా చేరి గబగబా జారిపోతే అనుమానం పెరుగుతుంది. హార్మోను గ్రాహకాలున్న గడ్డల్లో ఏడీసీ ఇంకాస్త తక్కువగా ఉంటుంది. ఈ గ్రాహకాలూ హెర్2 అనే ప్రోటీనూ లేని ట్రిపుల్ నెగటివ్ గడ్డ తరచు గుండ్రంగా ఉండి, రంగుమందుతో అంచు చుట్టూ వలయంలా వెలుగుతుంది. అమెరికాలో 100కు పైగా మహిళలతో చేసి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, ఏడీసీ లెక్క కలిపితే ఒక్క క్యాన్సర్నీ వదిలిపెట్టకుండానే దాదాపు 21 శాతం బయాప్సీలు తప్పించవచ్చని తేలింది.

కీమో పనిచేస్తోందా అనేదీ నీళ్ళే చెప్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్ కీమోలో చాలాకాలం వాడిన మందు. ఇలాంటి మందులకు కణాలు చచ్చి గోడలు కూలితే నీళ్ళకు దారి దొరుకుతుంది, ఏడీసీ పెరుగుతుంది. ఇంకో పెద్ద అధ్యయనంలో ఈ పెరుగుదల 3 వారాలకు కాదు, 12 వారాలకు ఫలితాన్ని కొంతవరకు సూచించింది.

అయినా హెర్2 ఉందా, హార్మోను గ్రాహకాలున్నాయా అని తేల్చేది ఇప్పటికీ సూదితో తీసిన ముక్కే. కానీ ఆ ముక్క గడ్డలో ఒక మూలది. ఎంఆర్ఐ గడ్డంతా చూసి అన్నిటికన్నా ఒత్తుగా ఉన్నచోటు చూపించగలదు, సూది ఎక్కడ దించాలో ఎంచుకోవడానికి డాక్టరుకు అది సాయపడగలదు.