నిమ్మ పానకం

తెలుగువారి ఆతిథ్య సంప్రదాయంలో అన్నానికి ఎంత గౌరవం ఉందో, దాహానికి అందించే పానీయానికీ అంత గౌరవం ఉంది. గడప తొక్కిన అతిథికి మొదట అందేది మంచినీళ్ల చెంబు. ఆ తరువాతనే కుశలప్రశ్నలు. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుని అతిథిసేవను ఋతువుల వారీగా వర్ణిస్తూ, వేసవి భోజనంలో చెరకు రసానికి, కొబ్బరినీటికి, పరిమళభరితమైన చల్లని నీటికి, పలుచని మజ్జిగకు చోటు కల్పించాడు. కాలాన్ని బట్టి ఆహారపానీయాలు మారాలన్న వివేకం ఆ వర్ణనలో ఉంది. శ్రీరామనవమినాడు వడపప్పుతోపాటు పంచే బెల్లపు పానకం కూడా ఆ వివేకానికి రూపమే. ఆ పానకానికి నిమ్మరసం తోడైతే నిమ్మ పానకం అవుతుంది. దీనిని చేయడం సులభమే. అయితే చేసే క్రమంలో ప్రతి మెట్టుకూ ఒక కారణం ఉంది. ఆ కారణాన్ని విస్మరిస్తే ఎంతటి అనర్థం కలుగుతుందో తెలిపే చరిత్ర కూడా ఉంది.

చిత్తూరు జిల్లాలోని ఐరాల ప్రాంతం ఈ పానీయానికి తగిన నేల. వరసిద్ధి వినాయకుడు వెలసిన కాణిపాకం ఐరాల మండలంలోనిదే. బాహుదా నది ఆ క్షేత్రం పక్కనే ప్రవహిస్తుంది. చిత్తూరు పరిసరాలు చెరకు సాగుకు, బెల్లం తయారీకి చిరకాలంగా పేరు పొందాయి. గానుగలో చెరకు ఆడించి, ఆ రసాన్ని పెద్ద పెనంలో మరిగించి, తెట్టు తీసి, పాకం ముదిరిన తరువాత అచ్చు పోస్తారు. సహజంగా తయారైన బెల్లం ముదురు గోధుమ రంగులోనో, నల్లగానో ఉంటుంది. మెరిసే పసుపు రంగును కోరే కొనుగోలుదారుల కోసం మరిగే రసంలో 'హైడ్రోస్' అనే గంధక రసాయనాన్ని కలిపే అలవాటు కొన్నిచోట్ల ఏర్పడింది. కంటికి ఇంపైనదంతా ఒంటికి మేలైనది కాదు. కనుక పానకానికి రంగు తక్కువైనా రసాయనం కలపని బెల్లాన్నే ఎంచుకోవాలి.

నిమ్మకాయ ఎంపికలోనూ ఇటువంటి వివేకమే అవసరం. నిమ్మతోటలకు, నిమ్మకాయల మార్కెట్టుకు ప్రసిద్ధి చెందిన గూడూరు ఈ ప్రాంతానికి దూరమేమీ కాదు. తొక్క పలుచగా, నునుపుగా ఉండి, చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించిన బరువు తోచే కాయలో రసం ఎక్కువగా ఉంటుంది. పచ్చిగా గట్టిగా ఉన్న కాయ కంటె పసుపు పచ్చకు తిరిగిన కాయ మేలు. కోయబోయే ముందు కాయను అరచేతి కింద ఉంచి బల్లపై దొర్లిస్తే లోపలి రసపు తిత్తులు చిట్లి రసం సులభంగా దిగుతుంది.

నలుగురైదుగురికి సరిపడే పానకానికి ఒక లీటరు మంచినీరు, 100 గ్రాముల బెల్లం, రెండు నిమ్మకాయలు, మూడు నాలుగు ఏలకులు, ఆరేడు మిరియాలు, చిటికెడు శొంఠిపొడి, చిటికెడు ఉప్పు కావాలి. బెల్లాన్ని ఇంతకు మించి వేయకపోవడం మంచిది. ఆహారంలో అదనంగా చేరే చక్కెరలు పెద్దవారికి రోజుకు సుమారు 50 గ్రాములకు మించరాదని, 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పై కొలత ప్రకారం చేసిన పానకంలో ఒక్కొక్క గ్లాసుకు 20 నుంచి 25 గ్రాముల బెల్లం వస్తుంది. మధుమేహం ఉన్నవారు బెల్లం మానివేసి, ఉప్పు వేసిన నిమ్మనీటితో తృప్తి పడవలసి ఉంటుంది.

మొదట బెల్లాన్ని నలగగొట్టి కొద్దిపాటి గోరువెచ్చని నీటిలో కరిగించాలి. తీపి పదార్థం వెచ్చని నీటిలో త్వరగా కరుగుతుంది. చల్లని నీటిలో అడుగున నిలిచిపోతుంది. బెల్లంలో చెరకు పిప్పి, ఇసుక రేణువులు ఉండవచ్చు. కాబట్టి కరిగిన తరువాత పలుచని గుడ్డతో వడకట్టాలి. మిగిలిన నీరు పోసి, దంచిన ఏలకులు, మిరియాలు, శొంఠి, ఉప్పు కలపాలి. వేసవిలో చెమటతోపాటు శరీరం నుంచి లవణం కూడా పోతుంది. చిటికెడు ఉప్పు రుచికే కాక, ఆ లోటును కొంత తీర్చడానికీ ఉపకరిస్తుంది.

నిమ్మకాయలను అన్నింటికంటె చివర, నీరు పూర్తిగా చల్లబడిన తరువాతనే పిండాలి. నిమ్మరసంలోని సి విటమిన్ వేడికి, గాలికి నశించే స్వభావం కలది. సువాసన కూడా ఆవిరై పోయేదే. గింజలను తీసివేయాలి, తొక్క నలిగేంత గట్టిగా పిండరాదు. గింజలలో, తెల్లని లోపలి పొరలో ఉన్న పదార్థాలు రసానికి చేదు తెస్తాయి. పిండిన పానకాన్ని వెంటనే అందరికీ పంచాలి.

ఏ పాత్రలో కలుపుతున్నామన్నదీ గమనించదగినదే. పులుపు తగిలితే ఇత్తడి, రాగి పాత్రల లోహం కరిగి రసంలో చేరుతుంది. అందువల్లనే పూర్వం ఇత్తడి పాత్రలకు లోపల తగరంతో కళాయి పూయించేవారు. పులుసు, మజ్జిగ, నిమ్మరసం వంటివి కళాయి లేని పాత్రలో ఉంచేవారు కారు. స్టీలు, గాజు, మట్టి పాత్రలు ఈ పనికి అనుకూలమైనవి. రాగి తగిలితే సి విటమిన్ మరింత వేగంగా నశిస్తుందని విజ్ఞానశాస్త్రం తెలిపింది. అప్పటికప్పుడు పిండాలి, తగిన పాత్రలో కలపాలి అన్న ఈ రెండు గృహనియమాలను ఒక మహానౌకాదళం పాటించలేక నష్టపోయింది.

దీర్ఘకాలం సముద్రయానం చేసే నావికులకు చిగుళ్లు వాచి, నెత్తురు కారి, పాత గాయాలు తిరగబెట్టి, చివరకు ప్రాణాలు పోయేవి. ఆ వ్యాధి పేరు స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకా వైద్యుడు 'సాలిస్‌బరీ' అనే ఓడలో 12 మంది రోగులను ఇద్దరిద్దరిగా విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క పదార్థాన్ని ఇచ్చి పరిశీలించాడు. నారింజలు, నిమ్మపండు తిన్న ఇద్దరే వేగంగా కోలుకున్నారు. 1795లో బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వడానికి అంగీకరించింది. స్కర్వీ దాదాపు మాయమైంది. 19వ శతాబ్ది మధ్యకాలంలో మధ్యధరా ప్రాంతపు పెద్ద నిమ్మకు బదులు, వెస్టిండీస్ దీవుల చిన్న నిమ్మ రసాన్ని వాడడం మొదలైంది. తెలుగునాట పండే పలుచని తొక్క గల చిన్న నిమ్మ కూడా ఆ జాతిదే. పులుపు ఎక్కువైనా ఇందులో సి విటమిన్ తక్కువ. పైగా ఆ రసం చాలాకాలం నిలవ ఉండేది, గాలి తగిలేది, రాగి గొట్టాల గుండా ప్రవహించేది. పులుపు మిగిలింది, సారం పోయింది. ధ్రువయాత్రలలో స్కర్వీ మళ్లీ తలెత్తింది. పాడైన డబ్బా మాంసమే వ్యాధికి కారణమని కొందరు వైద్యులు వాదించారు. నిలవ చేసిన చిన్న నిమ్మరసంలో వ్యాధిని నివారించే శక్తి దాదాపు లేదని 1918లో లండనులోని లిస్టర్ సంస్థ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. సి విటమిన్‌పై చేసిన కృషికి హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జార్జీ 1937లో నోబెల్ బహుమతి పొందాడు. మందు చేతిలో ఉండి కూడా, అది ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే మందు నిష్ఫలమవుతుందని ఈ చరిత్ర బోధిస్తుంది.

పానకానికి ప్రాణం నీరు. నిమ్మలోని పులుపు నీటిని శుద్ధి చేస్తుందనుకోవడం పొరపాటు. అనుమానమున్న నీటిని బాగా మరిగించి చల్లార్చాలి. ఏ నీటితో గడ్డకట్టిందో తెలియని మంచు ముక్కల కంటె మట్టికుండ చల్లదనమే క్షేమం. కుండ గోడల నుంచి ఊరిన నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని హరిస్తుంది. అందుకే కుండలోని నీరు చల్లబడుతుంది.

మరొక హద్దు కూడా తెలుసుకోవాలి. ఎండకు అలసినవారికి నిమ్మ పానకం సేద తీర్చగలదు గాని, విరేచనాలతో నీరసించిన పిల్లలకు అది ఔషధం కాదు. తీపి ఎక్కువైతే విరేచనాలు మరింత పెరుగుతాయి. అప్పుడు ఇవ్వవలసింది ఓ.ఆర్.ఎస్. పొడిని, దాని పొట్లంపై తెలిపినంత శుద్ధమైన నీటిలో కలిపిన ద్రావణం. అది దొరకనప్పుడు లీటరు నీటికి తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి ఇస్తూ, వైద్యుని సంప్రదించాలి. ఆ ప్రమాణం పాటించని తీపి పానీయాలు ఓ.ఆర్.ఎస్. పేరుతో అమ్ముడుపోవడాన్ని హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ అనేక సంవత్సరాలు ప్రతిఘటించారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలు ఆ పేరు పెట్టుకోవడాన్ని నిషేధించింది.

వంటింటి పని అల్పమైనదని భావించేవారు ఉన్నారు. కాని ఒక గ్లాసు నిమ్మ పానకంలో రైతు శ్రమ, పెద్దల అనుభవం, శాస్త్రజ్ఞుల అన్వేషణ కలిసి ఉన్నాయి. కొలత తప్పక, క్రమం తప్పక, శుద్ధమైన నీటితో అప్పటికప్పుడు కలిపి అందించినప్పుడే ఆ పానీయం రుచికీ, ఆరోగ్యానికీ సార్థకమవుతుంది. ఆచారాన్ని పాటించడం మంచిదే; అందులోని కారణాన్ని ఎరిగి పాటించడం మరింత మంచిది.