రెండు ఇంజక్షన్లు, ఇరవై ఏళ్ళ ఆలస్యం

2010 ఫిబ్రవరి. బయట మోకాలి లోతు మంచు. మా ఆవిడకి ముప్ఫయ్యో వారంలోనే నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికి చేరిన కాసేపటికే నర్సు వచ్చి, "పాప ఊపిరితిత్తులు త్వరగా తయారవడానికి ఇప్పుడొక స్టెరాయిడ్ ఇంజక్షన్, రేపు ఇదే టైముకి ఇంకొకటి" అంది. మా ఆవిడ సరేనంది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి చెబితే హడలిపోయింది. "కడుపుతో ఉన్న పిల్లకి స్టెరాయిడ్లేమిట్రా! వద్దని చెప్పు" అంది. అమ్మ భయానికి కారణం ఉంది. 1976లో, నాకంటే ముందు, మా అన్నయ్య ఏడో నెలలోనే పుట్టాడు. ఊపిరి అందక రెండో రోజే పోయాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మూడో రోజు పొద్దున మా పాప పుట్టింది. బరువు కేజీన్నర. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టాక, రాత్రుళ్ళు బయట కూర్చుని ఆ ఇంజక్షన్ కథ చదవడం మొదలుపెట్టాను.

నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఒకదానికొకటి అంటుకుపోకుండా ఉంచే పూత సరిగ్గా తయారై ఉండదు. న్యూజిలాండ్ డాక్టర్ గ్రాహం లిగిన్స్ గొర్రెలకి కాన్పు ఎలా మొదలవుతుందో పరిశోధిస్తున్నారు. స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్లలు, బతకలేనంత ముందుగా పుట్టినా ఊపిరి తీసుకోవడం గమనించారు. ఆ తర్వాత పిల్లల డాక్టర్ రాస్ హౌవీతో కలిసి ఆక్లండ్‌లో 282 మంది తల్లుల మీద పరీక్ష జరిపి, 1972లో ప్రచురించారు. మందు అందని పిల్లల్లో తొలి వారంలో 15 శాతం మంది చనిపోతే, అందినవారిలో 3.2 శాతం మందే చనిపోయారు.

ఇంత స్పష్టంగా తేలాక మర్నాటి నుంచే అందరూ వాడి ఉండాలి కదా? వాడలేదు. తల్లికి ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనని కొందరు, మా పేషెంట్ల సంగతి వేరని కొందరు వెనకాడారు. మరిన్ని పరీక్షలు అదే మాట చెప్పినా, 1990ల మొదట్లో అమెరికాలో అవసరమైన ప్రతి ఐదుగురు తల్లుల్లో ఒకరికి కూడా ఈ మందు అందలేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ అంతా పాసైన ప్రోగ్రాం ఇరవై ఏళ్ళు ప్రొడక్షన్‌లోకి వెళ్ళలేదన్నమాట. 1993లో మొదలైన కాక్రేన్ సంస్థ, ఈ మందు మీద జరిగిన ఏడు పరీక్షల ఫలితాల బొమ్మనే తన చిహ్నంగా పెట్టుకుంది.

1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం, ఈ మందు ఇవ్వాలని గట్టిగా సిఫారసు చేసింది. అయినా కాగితం మీది సిఫారసు తనంతట తాను పేషెంటు మంచం దాకా నడిచి రాదు. 27 ఆస్పత్రుల్లో ఈ విషయాన్నే పరీక్షించి 1999లో ఫలితాలు ప్రచురించారు. సిఫారసు మామూలుగా అందిన చోట ఈ మందు వాడకం 33 నుంచి 58 శాతానికి పెరిగింది. అదే ఆస్పత్రిలోని ఒక డాక్టరు, ఒక నర్సు పూనుకుని, తోటివారితో చర్చలు జరిపి, కేస్ షీట్ల మీద గుర్తుచేసే చీటీలు పెట్టి, ఎంతమందికి ఇచ్చామో లెక్క చూసుకున్న చోట 68 శాతానికి చేరింది.

ఇది చదివాకే మా నర్సు ఆ రెండు నిమిషాల పని విలువ తెలిసింది. ఆమె ఏ అద్భుతమూ చేయలేదు. తన డ్యూటీ చేసింది. అది డ్యూటీలో భాగం కావడానికే ఇరవై ఏళ్ళు పైన పట్టింది.

అందుకే ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా రెండు ప్రశ్నలు అడుగుతాను: "దీనివల్ల లాభమని పరీక్షల్లో తేలిందా? మా విషయంలో అది వర్తిస్తుందా?" మంచి డాక్టర్లెవరూ విసుక్కోలేదు. మీరూ అడగండి. పిల్లలకీ అడగడం నేర్పండి.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. మనవరాలిని ఒళ్ళో వేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "ఆ సూది అప్పట్లో లేదా నాన్నా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"ఉందమ్మా. కానీ మనదాకా రాలేదు."