గొంతుకు జానెడు దూరంలో

మా అమ్మమ్మ ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట మొత్తం నోటికి పాడేది. ఆవిడకు 84 ఏళ్లున్నప్పుడు, దసరా సెలవుల్లో ఆ పాట రికార్డు చేశాను. కొత్త రికార్డర్, కొత్త బ్యాటరీలు. అమ్మమ్మ మంచం మీద కూర్చుంది. రికార్డర్‌ను గదికి ఆ చివరనున్న బల్ల మీద పెట్టాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది.

ఊరి నుంచి వచ్చాక విన్నాను. ప్రతి చరణంలోనూ మొదటి అక్షరం లేదు. శబ్దం వినిపిస్తేనే రికార్డు చేసి, ఆగితే తానూ ఆగిపోయే ఏర్పాటు ఒకటి అందులో ఆన్‌లో ఉండిపోయింది. అమ్మమ్మ ఊపిరి తీసుకున్న ప్రతిచోటా అది ఆగింది. మళ్లీ అందుకునేలోపే అక్షరం జారిపోయింది. మిగిలిన పాటను ఫ్యాన్ హోరు కప్పేసింది. సంక్రాంతికి వెళ్లేసరికి అమ్మమ్మ లేదు.

ఆ రికార్డర్ డబ్బా మీద అంకెలకు కొదవలేదు. వాటిలో ఏది దేనికో తెలుసుకోకుండా మీట నొక్కాను. ఇంట్లో పెద్దవాళ్ల గొంతు దాచుకోవాలనుకునే వాళ్లెవరికీ అలా జరగకూడదు. అందుకే ఈ లెక్కలు.

సెకనుకు 44,100 సార్లు

మాట అంటే గాలిలో ఒత్తిడి పెరిగి తగ్గడం. రికార్డర్ ఆ ఒత్తిడిని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం హెర్ట్జ్ వరకే ధ్వని దక్కుతుంది. మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది కనుక, సీడీకి 44,100 కొలతలు పెట్టారు.

పాత టెలిఫోన్ పద్ధతిలో సెకనుకు 8,000 కొలతలే. దాటేది దాదాపు 3,400 హెర్ట్జ్ వరకే. మన ‘స’లోని బుస చాలామటుకు అంతకు పైనే ఉంటుంది. ఫోన్లో పేరు చెబుతుంటే అవతలివాళ్లు “స నా, ఫ నా?” అని అడిగేది అందుకే. రికార్డర్లలో ఎక్కువ గంటలు పట్టించే ‘లాంగ్ ప్లే’ పద్ధతి చేసేదీ ఇదే. గంటలు పెరుగుతాయి, శ, ష, స ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పాట, కథ, మాండలికం రికార్డు చేసేటప్పుడు ఆ పద్ధతి జోలికి వెళ్లొద్దు.

శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ, భద్రపరిచే ధ్వనికి కనీసం 48,000 కొలతలు, 24 బిట్లు ఉండాలంటుంది. రికార్డర్‌లో అది ఉంటే అదే పెట్టుకోండి. 96,000 ఉందని మురిసిపోనక్కర్లేదు. మాటకు 48,000 చాలు.

16 బిట్లా, 24 బిట్లా?

ఒక్కో కొలతను ఎంత సన్నంగా రాయాలన్నది బిట్ల లెక్క. 16 బిట్లంటే 65,536 మెట్లు. 24 బిట్లంటే 1,67,77,216 మెట్లు. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్ ఇస్తుంది. ఆ లెక్కన 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 డెసిబెల్స్ వ్యత్యాసం పడుతుంది.

ఇంత వ్యత్యాసం మన ఇళ్లలో ఎక్కడుంది? గజం దూరంలో మామూలు మాట 60 డెసిబెల్స్ ఉంటుంది. ఫ్యాన్ తిరిగే గదిలో హోరు 50 అనుకుందాం. మాటకూ హోరుకూ మధ్య తేడా పదే. ఎన్ని బిట్లు పోసినా ఆ పది పదకొండు కాదు. దాన్ని పెంచే మార్గాలు రెండే. ఒకటి హోరు తగ్గించడం, రెండు దగ్గరికి జరగడం.

జాన, మూర, గజం, బార

బయలులో దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మన పాత కొలతలు ఈ లెక్కకు సరిగ్గా అమరుతాయి. జాన 9 అంగుళాలు, మూర 18, గజం 36, బార 72. ఒక్కో మెట్టుకూ దూరం రెట్టింపవుతుంది.

జాన దూరంలో: మాట 72, హోరు కంటే 22 ఎక్కువ.
మూర దూరంలో: మాట 66, హోరు కంటే 16 ఎక్కువ.
గజం దూరంలో: మాట 60, హోరు కంటే 10 ఎక్కువ.
బార దూరంలో: మాట 54, హోరు కంటే 4 ఎక్కువ.

జాన నుంచి బారకు జరిగితే పోయేది 18 డెసిబెల్స్. అంటే మైకుకు చేరే ధ్వని శక్తి 64వ వంతుకు పడిపోతుంది. నాలుగు గోడల మధ్య ప్రతిధ్వని కలిసి ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. అయితే ఆ ప్రతిధ్వని మాటను అలికేసేదే కనుక, దూరంగా పెట్టినవాళ్లకు దానివల్ల మేలేమీ లేదు. అమ్మమ్మ పాడిన రోజు నేను పెట్టింది బార కంటే దూరంలో.

పెట్టాల్సిన చోటు నోటికి జానెడు దూరంలో, నోటికి తిన్నగా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు. ఎదురుగా ఉంటే ప, ఫ, భ పలికినప్పుడు ఊపిరి తగిలి ‘టప్’మంటుంది. చేత్తో పట్టుకుంటే వేళ్ల కదలిక పడుతుంది. ఉత్త బల్ల మీద పెడితే బల్ల అదురు పడుతుంది. మడతపెట్టిన తువ్వాళ్ల దొంతర మీద పెడితే ఈ రెండూ ఉండవు. ఫ్యాన్ ఆపాలి. ఫ్రిజ్ శబ్దం వినిపించే గది వద్దు, వంటింట్లో కుక్కర్ దించాకే మొదలుపెట్టాలి. పరుపులు, దుప్పట్లు ఉన్న పడకగది, ఖాళీ గోడల హాలు కంటే ఎంతో మెరుగు.

మన కరెంటు 50 హెర్ట్జ్. దాని గుంయ్‌మనే శబ్దం ఆ దరిదాపుల్లోనూ, దాని గుణిజాల్లోనూ పడుతుంది. కింది శబ్దాలను కోసేసే ‘లో కట్’ మీట ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మగవాళ్ల మాట సాధారణంగా 85 దగ్గర, ఆడవాళ్లది 165 దగ్గర మొదలవుతుంది కనుక గొంతుకు నష్టం ఉండదు.

మైనస్ 12

లెవెల్ మీటర్‌లో సున్నా అంటే ఆఖరి గీత. దాన్ని తాకిన ధ్వని తల తెగి బరబరమంటుంది. తర్వాత ఏం చేసినా అది పూర్తిగా అతకదు. అతిగట్టిగా పలికిన మాట కూడా మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ (లెవెల్ పెంచి తగ్గించే మీట) పెట్టుకోండి. ఆ 12 డెసిబెల్స్ వదులుకుంటే పోయేది రెండు బిట్లే. 24లో 22 మిగులుతాయి. 24 బిట్ల అసలు ప్రయోజనం ఈ ధీమాయే.

బుర్రకథ లాంటిదైతే మైనస్ 18 పెట్టడం మంచిది. కథకుడు మెల్లగా చెబుతూ చెబుతూ ఒక్కసారి గొంతెత్తుతాడు, వెంటనే వంతల గుమ్మెటలు అందుకుంటాయి. కొత్త రికార్డర్లలో కొన్నింటికి ‘32 బిట్ ఫ్లోట్’ ఉంది. అందులో లెవెల్ తప్పినా తర్వాత దిద్దుకోవచ్చు. కానీ మైకే తట్టుకోలేనంత మోతనూ, దూరంగా పెట్టిన తప్పునూ అది కూడా దిద్దలేదు.

గంటకు ఎంత చోటు?

ఎంపీ3, 128 కేబీపీఎస్: 57.6 ఎంబీ
వేవ్, 44,100/16 బిట్లు, స్టీరియో: 635 ఎంబీ
వేవ్, 48,000/24 బిట్లు, మోనో: 518 ఎంబీ
వేవ్, 48,000/24 బిట్లు, స్టీరియో: 1,037 ఎంబీ

ఎంపీ3 చెవికి అందవనుకున్న వివరాలను తీసేసి చోటు ఆదా చేస్తుంది. తీసేసినవి మళ్లీ రావు. మీటింగ్‌కు అది చాలు, అమ్మమ్మ పాటకు చాలదు. పాడేది ఒక్కరే అయితే మోనో పెడితే చోటు సగానికి తగ్గుతుంది. నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు ఉంటే స్టీరియో కావాలి. 32 జీబీ కార్డులో 48,000/24 స్టీరియో 30 గంటలకు పైగా పడుతుంది. గంట పట్టే సీ-60 క్యాసెట్లు ముప్పై, ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పాడే పాత 78 ఆర్‌పీఎం రికార్డులైతే 300. ఇంత చోటు చేతిలో ఉండగా పిసినారితనం ఎందుకు?

కొనేముందు ఐదు ప్రశ్నలు

1. ఏ వివరమూ తీసేయని వేవ్ ఫైల్‌గా రికార్డు చేస్తుందా?
2. లెవెల్ మన చేత్తో పెట్టుకోవచ్చా? ఆటోమేటిక్ ఒక్కటే ఉంటే, మాట ఆగినప్పుడల్లా గది హోరును పైకి లేపుతుంది.
3. రికార్డు అవుతుండగానే ఇయర్‌ఫోన్‌తో వినొచ్చా? చాలా పొరపాట్లు అప్పుడే దొరుకుతాయి.
4. 3.5 మిల్లీమీటర్ల మైక్ సాకెట్ ఉందా? కాలర్ మైకు తగిలిస్తే, జరుగుతూ మాట్లాడే తాతయ్య దగ్గరా దూరం మారదు.
5. బ్యాటరీలు, మెమరీ కార్డు మార్చుకోవచ్చా? కార్డు 32 జీబీ దాటితే అది ఎస్‌డీఎక్స్‌సీ రకం. పాత రికార్డర్లు కొన్ని దాన్ని చదవవు.

రికార్డర్ కొనే వీలు లేకపోతే ఫోనైనా సరే. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అదే జానెడు దూరంలో ఉంచండి. గజం అవతలి ఖరీదైన రికార్డర్ కంటే జానెడు దూరంలోని మామూలు ఫోనే నయం. ఆ ఫైలును చుట్టాలకు వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా జతచేయండి. స్పీకర్లో వినిపించి వాయిస్ మెసేజ్‌గా పంపితే పడ్డ శ్రమంతా వృథా.

3-2-1

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్లో. కంప్యూటర్లోకి ఎక్కించి, తెరిచి విన్నాకే కార్డు ఖాళీ చేయాలి. ఫైలు పేరులో తేదీ, పాడినవారి పేరు, ఊరు ఉండాలి. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే మీట నొక్కాలి. మొదటి అర నిమిషంలో తేదీ, ఊరు, ఎవరు పాడుతున్నారో పైకి చెబితే, ఫైలు పేరు మారిపోయినా ఆ వివరం చెరగదు.

అమ్మమ్మ పాట మా పెద్దమ్మకూ కొంత వచ్చు. నిరుడు వేసవిలో ఆవిడ దగ్గర కూర్చున్నాను. ఫ్యాన్ ఆపాం. మడతపెట్టిన చీరల దొంతర మీద, జానెడు దూరంలో రికార్డర్ పెట్టాను. 48,000, 24 బిట్లు, మోనో. అన్నిటికంటే ముందు, శబ్దాన్ని బట్టి ఆగే ఆ ఏర్పాటు ఆపేశాను. పాట మధ్యలో పెద్దమ్మకు ఒక పాదం తట్టలేదు. “ఉండరా, అమ్మ ఇక్కడ రాగం తీసేది” అంది. కళ్లు మూసుకుంది. నాలుగు సెకన్లు. తర్వాత పాదం దొరికింది, అందుకుంది.

ఆ నాలుగు సెకన్లు కార్డు మీద 576 కిలోబైట్లు. అందులో పాట లేదు. గాజులు ఒకసారి కదిలిన చప్పుడు, లోపలికి తీసుకున్న ఊపిరి ఉన్నాయి. ఫైలు తెరిచినప్పుడల్లా నేను అక్కడ ఆగి వింటాను. వాళ్లమ్మ పాడింది పెద్దమ్మకు వినిపిస్తున్నది అప్పుడే.