మీకు తెలుసా? ఉరికే ఇంజిన్‌కు నిలకడే కష్టం

ఇంజిన్ దించి, బోర్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేసి మళ్లీ ఎక్కిస్తారు. తాళం తిప్పగానే అందుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ గర్జిస్తుంది. కాలు తీస్తే చాలు, కొట్టుకుని కొట్టుకుని ఆగిపోతుంది. అమెరికాలో షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్‌కు బలం పెంచి తిరిగి కట్టేవాళ్లకు ఈ బాధ బాగా పరిచయం. 1955లో 4.3 లీటర్లతో మొదలైన ఈ ఇంజిన్ కుటుంబం 2011లో 10 కోట్లకు చేరింది. కార్బొరేటర్‌తో నడిచే ఆ పాత వీ8నే ఈసారి విప్పి చూద్దాం.

మీకు తెలుసా, కొత్తగా కట్టిన ఈ ఇంజిన్‌ను మొదటి ఇరవై నిమిషాలూ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, అసలు నడపకూడదు! పాత తరహా ఫ్లాట్ టాపెట్ క్యామ్ ఉంటే, స్టార్టయిన వెంటనే 2,000 ఆర్‌పీఎం పైకి తీసుకెళ్లి అక్కడే ఉంచాలి. క్యామ్ మీది మెట్టలకు నూనె ఎక్కువగా క్రాంక్‌షాఫ్ట్ చిమ్మితేనే అందుతుంది. స్లోలో ఆ చిమ్మడం చాలదు. టాపెట్, మెట్ట ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకోకముందే అరిగిపోతాయి. అందుకే మొదటి స్టార్ట్‌లోనే స్లో సరిచేద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడటం కొత్త క్యామ్‌ను చేతులారా పాడుచేసుకోవడమే. రోలర్ టాపెట్లున్న ఇంజిన్లకు ఈ నియమం లేదు.

పెద్ద క్యామ్‌తో స్లో కాస్త కుంటడం లోపం కాదు. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని, రెండూ కలిసి తెరిచి ఉండే క్షణాన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. పందెపు క్యామ్‌లో అది ఎక్కువ. 6,000 ఆర్‌పీఎం దగ్గర బయటికి దూసుకుపోయే పొగ కొత్త గాలిని వెంట లాగుతుంది, బలం పెరుగుతుంది. స్లోలో కథ తిరగబడుతుంది. థ్రాటిల్ మూసి ఉండటంతో మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఏర్పడి, కాలిన పొగనే వెనక్కి పీలుస్తుంది. ఆ పొగ కలిసిన పెట్రోలు మిశ్రమం ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. కంపెనీ క్యామ్‌తో 650 దగ్గర మెత్తగా తిరిగే ఇంజిన్‌ను పెద్ద క్యామ్ వేశాక 900, 1,000 దగ్గర నిలబెట్టుకోవాలి. మునుపటి అంకె కోసం పట్టుబట్టడంలో అర్థం లేదు.

అసలు దొంగ చాలాసార్లు గాలి. స్లోలో థ్రాటిల్ పళ్లెం తెరుచుకునేది వెంట్రుకవాసి. అంత తక్కువ గాలి మీద బతికే ఇంజిన్‌కు పక్క దారిలో వచ్చే కొంచెం గాలి కూడా పెద్ద వాటాయే. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే అదే లీకు లెక్కలోకి రాదు. కార్బొరేటర్ కింద ప్యాకింగ్, బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేస్ ఆవిరిని లాగే పీసీవీ గొట్టం, మూత పెట్టడం మరిచిన వాక్యూమ్ నాజిల్ ముందుగా చూడాల్సినవి. అయితే తిరిగి కట్టిన వీ8కు ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. హెడ్లు చదును చేయించడానికి మిల్లింగ్ చేయిస్తే అవి కిందికి దిగుతాయి. మధ్యలో కూర్చునే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఇక సరిగ్గా కుదరదు. పైనుంచి చూస్తే బోల్టులన్నీ బిగిసే ఉంటాయి. అడుగున మాత్రం సందు మిగిలి, టాపెట్లు ఉండే లోయలోంచి గాలినీ నూనె ఆవిరినీ పీలుస్తుంది. బయట కార్బొరేటర్ క్లీనర్ కొట్టి ఎంత వెతికినా ఈ లీకు దొరకదు. దీన్ని పట్టే ఉపాయం తేలికైనది. పీసీవీ గొట్టం తీసి దాని నాజిల్‌కు మూత పెట్టి, వాల్వు కవర్ల మీద రంధ్రాలన్నీ మూసి, నూనె పోసే చోట అరచెయ్యి ఆనించాలి. బాగున్న ఇంజిన్ చేతిని మెల్లగా బయటికి నెడుతుంది. అడుగున లీకుంటే లోపలికి లాగుతుంది. అలాంటప్పుడు ప్లగ్గులు విప్పితే ఆ పక్క సిలిండర్లలో నూనె తడి కూడా కనిపిస్తుంది.

వాక్యూమ్ గేజ్ చవక పరికరమే, చెప్పే సంగతులు మాత్రం బోలెడు. కంపెనీ క్యామ్‌తో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ స్లోలో సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. పెద్ద క్యామ్ పడితే 10 దగ్గరికి దిగొచ్చు. ఎత్తు 1,000 అడుగులు పెరిగితే సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి, అదే ఇంజిన్ విశాఖలో చూపినదానికంటే హైదరాబాద్‌లో రెండంగుళాల దాకా తక్కువ చూపిస్తుంది. హోలీ కంపెనీ కార్బొరేటర్‌లో పవర్ వాల్వు మీద 6.5 అని ఉంటే వాక్యూమ్ అంతకంటే పడిపోగానే అది తెరుచుకుని అదనపు పెట్రోలు పోస్తుందని అర్థం. స్లోలోనే 7 అంగుళాల దగ్గర ఊగిసలాడే ఇంజిన్‌లో అది అనవసరంగా తెరుచుకుంటూ ఉంటుంది. ప్లగ్గులు మసిబారతాయి, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. స్లో వాక్యూమ్‌లో సగం అంకె ఉన్న వాల్వు వేయడం అక్కడి మెకానిక్కుల వాడుక.

టాపెట్లు బిగించడంలోనూ మోసం జరుగుతుంది. హైడ్రాలిక్ టాపెట్‌కు సందు పూర్తిగా పోయాక ఇంకో పావు నుంచి అర చుట్టు చాలు. పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పుతూ బిగించినప్పుడు, నూనె లేని కొత్త టాపెట్ లోపలి స్ప్రింగు ఇట్టే నొక్కుకుపోతుంది. సందు ఎక్కడ పోయిందో తెలియక ఇంకా బిగించేస్తారు. నూనె నిండాక టాపెట్ లేచి వాల్వును కొద్దిగా తెరిచే ఉంచుతుంది. వేగంలో ఆ నష్టం అంతగా తెలియదు. స్లోలో కంప్రెషన్ కారిపోతుంది.

స్పార్క్ ఎప్పుడు పడుతుందో చూపే టైమింగ్ గుర్తు కూడా అబద్ధం చెప్పగలదు. క్రాంక్ ముందుండే డ్యాంపర్ బయటి రింగును లోపలి భాగానికి అతికించేది రబ్బరే. ఏళ్లు గడిచి ఆ రబ్బరు వదులైతే గుర్తు ఉన్న రింగు జారుతుంది. టైమింగ్ లైట్ 12 డిగ్రీలు చూపిస్తున్నా నిజంగా ఉన్నది వేరు. పాత డ్యాంపర్‌నే మళ్లీ వేసినవాళ్లు మొదటి పిస్టన్ పైకొచ్చే చోటును పిస్టన్ స్టాప్‌తో కొలిచి సరిచూసుకోవాలి.

ఈ ఇంజిన్ మండే వరుస 1-8-4-3-6-5-7-2. పక్కపక్కనే ఉన్న 5, 7 సిలిండర్లు వెంటవెంటనే మండుతాయి. వాటి వైర్లు ఆనుకుని పోతే ఒకదాని కరెంటు రెండోదానిలోకి తొంగిచూస్తుంది. విడివిడిగా కట్టాలి.

ఇన్ని చూశాకే కార్బొరేటర్ జోలికి వెళ్లాలి. మిశ్రమం స్క్రూలు ఎటు తిప్పినా ఇంజిన్‌లో చలనం లేదంటే కారణం కంటికి కనిపించేదే. కార్బొరేటర్ విప్పి తిరగేసి చూస్తే, థ్రాటిల్ పళ్లెం పక్కన నిలువుగా సన్నని గాడి ఉంటుంది. స్లో దగ్గర దాని అడుగు చిన్న చదరం మాత్రమే కనబడాలి, మిల్లీమీటరు లోపు. పెద్ద క్యామ్‌కు గాలి చాలడం లేదని స్లో స్క్రూ బిగిస్తూ పోతే గాడి పొడుగ్గా బయటపడి, పెట్రోలంతా అక్కడి నుంచే వస్తుంది, స్క్రూలకు అధికారం పోతుంది. వెనక పళ్లేలను కొంచెం తెరిచి, ముందువాటిని మూసుకుంటే అదుపు తిరిగొస్తుంది. అప్పటికీ గాలి చాలకపోతే పళ్లేలకు సన్నని రంధ్రం వేస్తారు.

స్లో మెత్తదనం, పైవేగపు బలం రెండూ ఒకే క్యామ్‌తో రావు కనుకే 1989లో హోండా తన ఇంటెగ్రాలో ఒకే షాఫ్ట్ మీద రెండు రకాల మెట్టలు పెట్టింది. తక్కువ వేగంలో చిన్న మెట్టలు వాల్వులు తెరుస్తాయి. వేగం పెరిగాక నూనె ఒత్తిడితో ఒక పిన్ను జారి రాకర్లను కలిపేస్తుంది, అప్పుడు పెద్ద మెట్ట పని అందుకుంటుంది. టర్బో లేని ఆ 1.6 లీటర్ల ఇంజిన్ 160 హార్స్‌పవర్ ఇస్తూ కూడా సిగ్నల్ దగ్గర మామూలు కారు లాగే స్లోలో తిరిగింది.