పూలమడిలో వయ్యారిభామ

వయ్యారిభామ అమెరికా ఉష్ణప్రాంతాల మొక్క. 1950ల మధ్యలో పుణెలో కనిపించి, తర్వాత దేశమంతా అల్లుకుపోయింది. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. రోడ్డు పక్కనే కాదు, ఇంటి పూలమడిలోనూ మొలుస్తుంది.

లేత మొక్క నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటుంది. లోతుగా చీలిన ఆకులను చూసి చామంతి నారు అనుకుని నీళ్లు పోసేవారున్నారు. మాచిపత్రి అనీ పొరబడతారు. మాచిపత్రి ఆకు అడుగువైపు తెల్లగా ఉంటుంది, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. వయ్యారిభామ కాండం నిలువు గాడులతో, నూగుతో ఉంటుంది. చిన్న తెల్లటి పూలను దగ్గరగా చూస్తే అయిదు మూలలు కనిపిస్తాయి.

మొలిచిన నెల, నెలన్నరకే పూస్తుంది. ఒక్క మొక్క పదివేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. అందుకే పూత రాకముందే పీకడం అన్నిటికన్నా ముఖ్యం. వాన పడ్డాక, లేదా మడి తడిపాక, మొదలు పట్టుకుని తల్లివేరుతో సహా లాగాలి. పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. చేతికి గ్లవుజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దీని స్పర్శతో చర్మం దద్దురెక్కవచ్చు, పుప్పొడితో ఆయాసం రావచ్చు. ఉబ్బసం ఉన్నవారు ఈ పని మరొకరికి అప్పగించడం మంచిది.

పూయని మొక్కలను కంపోస్టులో వేయవచ్చు. పూసినవాటిని వేస్తే విత్తనాలు ఎరువుతోపాటు మడికే తిరిగొస్తాయి. ఖాళీ అయిన చోట బంతి నారు ఒత్తుగా నాటి, ఎండుటాకులు మందంగా పరచాలి. నేలలోని విత్తనాలు ఏళ్ల తరబడి మొలకెత్తుతాయి కాబట్టి ప్రతి వాన తర్వాత మడిని ఓసారి చూసుకోండి.