సిగార్ పెట్టెలో తేమ: ఉప్పు పరీక్ష ఆవశ్యకత

హ్యూమిడార్ సిగార్లను నిలువచేసే చెక్కపెట్టె. పొగాకు ఆకు ఎండిన తరువాత కూడా చుట్టూ ఉన్న గాలి నుంచి తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. కనుక పెట్టెలోని సాపేక్ష ఆర్ద్రతను సాధారణంగా 65 నుంచి 70 శాతం మధ్య నిలుపుతారు. అది బాగా తగ్గితే పై ఆకు పెళుసెక్కి పగులుతుంది. పరిమళ తైలాలు ఎగిరిపోతాయి. మళ్లీ తేమ పట్టించినా ఆ పరిమళం తిరిగి రాదు. ఎక్కువైతే బూజు పడుతుంది. దానికి వేడి తోడైతే ఆకులో దాగిన పొగాకు పురుగు గుడ్లు పిల్లలవుతాయి.

పెట్టె లోపలి పలకలకు ఎక్కువగా వాడేది స్పానిష్ సీడర్. పేరును బట్టి దీనిని దేవదారు జాతి అనుకోరాదు. అమెరికా ఖండపు ఉష్ణమండలానికి చెందిన ఈ వృక్షం నిజానికి మన వేప కుటుంబానిది. కొత్త పెట్టెలో ఈ చెక్క పొడిగా ఉండి సిగార్ల తేమనే లాగేస్తుంది. అందుచేత ముందుగా స్వేదనజలంతో కొన్ని రోజులపాటు చెక్కకు తేమ పట్టించాలి.

అయితే ఈ ఏర్పాటంతా ఆధారపడేది హైగ్రోమీటరు మీద. దానిని ఉప్పుతో పరీక్షించవచ్చు. చిన్న మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్ద అయ్యేంత మేరకే నీటిచుక్కలు కలపాలి. దానిని హైగ్రోమీటరుతో పాటు గాలి చొరని సంచిలో ఒక రోజు ఉంచాలి. సంతృప్త ఉప్పు ద్రావణం పైనున్న గాలిలో ఆర్ద్రత సాధారణ గది ఉష్ణోగ్రతల్లో 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ముల్లు 70 చూపితే పరికరం 5 తక్కువ చెబుతున్నదన్నమాట. ఆ సంగతి తెలియక, పెట్టెలో ముల్లు 70కి చేరేదాకా తేమ పెంచినవారు సిగార్లను వాస్తవానికి 75 శాతంలో, అంటే బూజు అంచున ఉంచినట్టే. సరిదిద్దే మర ఉంటే తిప్పాలి; లేకుంటే ఆ తేడాను పెట్టె అడుగున రాసిపెట్టుకోవాలి.