తెల్లమచ్చలు పోయాయని మురవకండి

"అక్కా, మచ్చలన్నీ పోయాయి! ఒళ్లంతా అద్దంలా అయిపోయింది!" గోపాలపట్నం నుంచి ఫోన్ చేసిన కుర్రాడి గొంతులో సంతోషం పట్టనలవి కాలేదు. నాకు మాత్రం గుండె జారింది. అతని పౌడర్ బ్లూ టాంగ్ చేప మీద ముందురోజు దాకా తెల్లటి చుక్కలు. ఒక్క రాత్రిలో మాయమయ్యాయంటే జబ్బు నయమైందని కాదు. పురుగు చేపను వదిలి కింద ఇసుకలోకి దిగిందని అర్థం.

సింహాచలం కొండ కింద అడివివరంలో మా ఇల్లు. సముద్రపు చేపలు పెంచుతానని తెలిసి అటు స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ నుంచి ఇటు పెందుర్తి దాకా పిల్లలు నాకు ఫోన్లు చేస్తుంటారు. ఎక్కువగా అడిగేది ఈ తెల్లమచ్చల జబ్బు, అంటే వైట్ స్పాట్ గురించే. ఆ మాట వినగానే భీమవరం వైపు చుట్టాలు ఉలిక్కిపడతారు, రొయ్యల చెరువులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో వాళ్లు చూశారు కాబట్టి. అది వేరు, ఇది వేరు. రొయ్యలది వైరస్, చేపలకు రాదు. చేపలది ఒకే కణం ఉన్న పరాన్నజీవి, పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. జపాన్‌లో సికామా దీన్ని 1937లో వర్ణించాడు. ఇప్పుడున్న పేరు 1951లో బ్రౌన్ పెట్టింది.

దీని బతుకు తీరు తెలిస్తే సగం వైద్యం తెలిసినట్టే. ఈదుకుంటూ వచ్చిన పిల్ల పురుగు చేప చర్మం కిందకి, మొప్పల్లోకి దూరి, మూడు నుంచి ఏడు రోజులు అక్కడే తిని బలుస్తుంది. మనకు కనిపించే ఉప్పురవ్వ లాంటి చుక్క అదే. చర్మం కింద ఉన్నంతకాలం మనం నీళ్లలో పోసే మందు దాన్ని తాకదు. బలిశాక చీకటివేళ చేపను వదిలి, ఇసుకకో రాతికో అంటుకుని గట్టి తొడుగు కట్టుకుంటుంది. ఆ తొడుగులోనూ మందు పారదు. లోపల ముక్కలు ముక్కలై, ఒక్కోసారి రెండు వందల దాకా పిల్లలవుతుంది. అవి బయటికి వచ్చేది కూడా చీకట్లోనే, తెల్లవారుజామున, చేప అడుగున రాళ్ల సందులో నిద్రపోతున్నప్పుడు. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందుకు అవి చిక్కేది ఈ కాస్త వ్యవధిలోనే.

సముద్రంలో అన్ని నీళ్ల మధ్య చేపను వెతుక్కోవడం ఆ పిల్లలకు కష్టం. మూడు అడుగుల ట్యాంకులో ఎటు ఈదినా చేపే. బోనుల్లో కిక్కిరిసి పెరిగే చేపలదీ ఇదే అవస్థ. 2007లో మన విశాఖ తీరంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు సముద్రంలో తేలే బోను కట్టి పండుగప్పలు పెంచారు. ఆసియా దేశాల్లో పండుగప్ప, గ్రూపర్, పాంపనో పెంచేవాళ్లకు ఈ పురుగు ఎప్పుడూ పొంచి ఉన్న శత్రువే.

మచ్చల కోసం ఎదురుచూడకుండా ముందే గుర్తుపట్టొచ్చు. ఉదయం ట్యాంకు లైటు వేయకముందే పక్కనుంచి టార్చి కొట్టి చూడండి. ఒంటి మీదకన్నా మొప్పల పక్కనుండే పారదర్శకమైన రెక్క మీద చుక్క ముందు కనబడుతుంది. చేప రాతికి పక్కలు రుద్దుకుంటుంది, నీళ్లు తోసే మోటారు ఎదుట నిలబడి గబగబా ఊపిరి తీస్తుంది. మొప్పల్లో పురుగు చేరాక చేప మచ్చలతో కాదు, ఊపిరాడక పోతుంది. ఎండాకాలంలో, సింహాచలం చందనోత్సవం నాటికి మన ఇళ్లలో నీళ్లు ముప్పై డిగ్రీలు దాటుతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. అందుకే ఆ రోజుల్లో ఎవరు ఫోన్ చేసినా మందు పేరు చెప్పకముందు గాలి పంపు రెండోది పెట్టమంటాను. మంచినీటి చేపలకు చేసినట్టు వేడి పెంచితే ఇది చావదు, పైగా చేపకే ప్రాణం మీదికొస్తుంది. వెల్లుల్లి రసం కలిపిన మేత చేప ఇష్టంగా తినొచ్చేమో గాని జబ్బుకు మందు కాదు.

నాకు బాగా నమ్మకమున్న పద్ధతిలో మందే లేదు. రెండు ప్లాస్టిక్ టబ్బులు, రెండు గాలి పంపులు ఉంటే చాలు. అడుగున ఇసుక, రాళ్లు వద్దు. చేపను మొదటి టబ్బులో మూడు రోజులుంచి, రాలిన పురుగు పొదగకముందే రెండోదానిలోకి మార్చాలి. పాత టబ్బునీ వలనీ కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి, ఆరితే తొడుగు చస్తుంది. ఇలా నాలుగుసార్లు మారిస్తే, పన్నెండు రోజుల్లో చేప ఒంటి మీద పురుగన్నది ఉండదు. కొత్త నీళ్ల ఉప్పదనం, వేడి పాత నీళ్లతో సరిపోవాలి. పాత టబ్బు నీళ్లు ఒక్క చుక్క కూడా కొత్తదానిలో పడకూడదు. ఫిల్టరు ఉండదు కాబట్టి మేత కొద్దికొద్దిగా వేయాలి.

రెండో దారి రాగి. లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి కనీసం మూడు వారాలు తగ్గకుండా ఉండాలి. తగ్గితే పురుగు బతుకుతుంది, పెరిగితే చేప చస్తుంది. కిట్‌తో పొద్దున, సాయంత్రం పరీక్షించక తప్పదు. సీసాలో అమ్మే కొన్ని రాగి మందులకు మోతాదు వేరు, దాని మీద రాసిందే పాటించాలి. ఎరువుల కొట్లో మైలుతుత్తం తెచ్చి చిటికెడు వేశామని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఏడుపొస్తుంది. పగడాలు, రొయ్యలు, నత్తలు ఉన్న ట్యాంకులో రాగి పడితే అవి మిగలవు. రాళ్లూ ఇసుకా రాగిని పీల్చేసుకుంటాయి, మోతాదూ నిలవదు. రాగి ఎప్పుడైనా విడి టబ్బులోనే.

మరి పెద్ద ట్యాంకు? అందులో ఒక్క చేపా లేకుండా ఖాళీగా ఉంచాలి. పగడాలు, నత్తలు ఉండొచ్చు, పురుగుకు అవి తిండి కావు. తొడుగు మామూలుగా నెల లోపే పొదుగుతుంది గాని 72 రోజులు ఆగిన సందర్భమూ నమోదైంది. అందుకే 76 రోజులు ఆగమంటారు. ఈ మాట చెప్పగానే ఫోన్లో అవతల నిశ్శబ్దం. అందమైన ట్యాంకు రెండున్నర నెలలు బోసిగా ఉంటే ఎంత కష్టమో నాకూ తెలుసు. అయినా ఒక్క చేపను ముందే వదిలితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

గోపాలపట్నం అబ్బాయి ఆ సాయంత్రమే టబ్బులు కొన్నాడు. టాంగ్‌తో పాటు, ఒంటి మీద చుక్క లేని రెండు క్లౌన్ చేపల్నీ తీయమన్నాను. వాటి మొప్పల్లో ఏముందో పైకి తెలియదు. ఇక కొట్లో కొత్త చేప కొనేముందు మేత వేయించి, తింటేనే తీసుకోమన్నాను. ఇంటికి తెచ్చాక కూడా పెద్ద ట్యాంకులో కాదు, ఆ టబ్బుల్లోనే మొదలుపెట్టమన్నాను.